రాగిగింజంత పురుగుకు సంచెడు బ్లీచింగు

కొత్తగా అడవి శాఖలో గార్డు పనికి చేరిన పిల్లోళ్ళు నన్ను చూస్తానే అడిగేది ఒకటే. "ఏనుగులు తరిమినాయా అన్నా? చందనం దొంగల్ని పట్టినావా?" అని. తరిమినాయి. పట్టినాను. ఆ కతలు చెప్పేవాళ్ళు శానామంది ఉండారు, వాళ్ళ కాడికి పోండి. నేను చెప్పబోయేది ఒక సాలెపురుగు కత. నవ్వుకోవాలంటే ఇప్పుడే నవ్వేసుకోండి. నాకైతే నవ్వు రాదు. ఇది తలుచుకుంటే ఇన్నేండ్లకు కూడా ఒళ్ళు మండిపోతాది. ఎవురి మీద అంటే, ముందు నా మీద. తరవాత మిగతా అందరి మీద.

మాది సూళగిరి కాడ పల్లె. రాగులు, ఉలవలు పండించుకునే ఇల్లు. అన్నదమ్ములు చేను చూసుకుంటా ఉంటే నేను కాకీ బట్టలు తొడుక్కోని గుట్టలెక్కినాను. తొంబైల ఆఖరు దాకా నా బీటు, అంటే నేను ఒక్కణ్ణే కాపలా కాయాల్సిన మేర, కుందారపల్లి పక్కన ఉండేది. హైవే దిగి లోపలికి ఒక గంట నడిస్తే ఒక గుట్ట వస్తాది. దాని పేరు చెప్పను. గుట్ట నడిమికి మూడు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకోని ఉండేవి. వాటి నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. చుట్టూ బండ కాలిపోతా ఉన్నా ఆ సందులో తడి ఆరేది కాదు. ఆకులు రాలి, కుళ్ళి, మెత్తగా ఉండేది. మేకలు తోలుకొచ్చినోళ్ళు ఎండకు ఆ బండల నీడలో కూర్చునేవాళ్ళు. నేనూ ఆడే కూర్చోని సంగటి తినేవాణ్ణి. నా వీపు వెనకాల ఏమి ఉండాదో నాకు పదేండ్లు తెలీదు.

ఒక దినం రేంజరాఫీసు నుంచి కబురు వచ్చింది. కాలేజీ మేడమ్ ఒకామె సాలెపురుగుల మీద పరిశోధన చేస్తా ఉండాది, కూడా పోయి గుట్టలు చూపించు అని. నాకు తల కొట్టేసినట్టయింది. తక్కినోళ్ళు చందనం లారీలు పట్టుకోని పేపర్లో ఫోటో వేయించుకుంటా ఉంటే, నాకు సాలెపురుగులా!

మేడమ్ బాగలూరు పక్క పూలతోటలోళ్ళ బిడ్డ. ముప్పై దాటింటాయి. మాట మన మాటే, పని పడితే తమిళం, కన్నడం కూడా ఆ నోటిలోనే. మొదటి దినమే నేను కొంచెం ఎగతాళిగా అన్నాను.

"పాములకు, చిరుతలకు అయితే గార్డు కావాల మేడమ్. సాలెపురుగుకు ఏంటికి?"

"పాములు వాటంతట అవే కనపడతాయన్నా," అనింది. "ఇవి కనపడవు. గుట్ట తెలిసినోళ్ళు పక్కన లేకుంటే నేను పదేండ్లు తిరిగినా కనపడవు."

అంతే, ఆ మాటకు పడిపోయినాను. ఇరవై ఏండ్ల సర్వీసులో నాకు గుట్ట తెలుసునని ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు నేను జీపు ముందర నిలబడి సెల్యూట్ కొట్టేవాణ్ణి.

ఆమె పని చేసే తీరు చూస్తే మీరు కూడా నవ్వుతారు. పల్చని గుడ్డలో మైదాపిండి మూట కట్టుకోని తెచ్చేది. బండ సందుల్లో బోర్లా పండుకోని ఆ మూటను వేలితో మెల్లగా తట్టేది. పిండి పొగ మాదిరి లోపలికి పోతాది. ఆడ గూడు ఉంటే దారాల మీద పిండి నిలిచి తెల్లగా తేలతాది. లేకుంటే నేల మీద పడిపోతాది. ఒక దినం మైదా అయిపోయింది. నేను మిల్లులో ఆడించుకోని ఇంటికి పట్టుకుపోతా ఉన్న రాగిపిండి నా సంచిలో ఉండింది. "ఇది పనికొస్తాదేమో చూడండి మేడమ్" అని పిడికెడు ఇచ్చినాను. ఆ దినం మేము మూడు బండల సందులో ఉండాము. ఆమె తట్టింది. రూపాయి బిళ్ళంత గూడు ఒకటి గాలిలో తేలింది. దాని అడుగున ఒక పిండి నలక వేలాడతా ఉండింది. ఆడింపులో నలగని రాగిగింజ అనుకున్నాను. అంతే సైజు, అదే రంగు.

గింజ నడిచింది.

"అన్నా, కదలొద్దు," అనింది మేడమ్. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉండాది. నేను ఊపిరి కూడా బిగపట్టుకున్నాను.

ఆమె మూడింటిని చిన్న సీసాల్లో స్పిరిట్ పోసి పట్టుకోని పోయింది. యాడాడి పెద్ద మ్యూజియాలకో రాసింది. ఏడాది పైన పట్టింది జవాబులు రావడానికి. ఇట్లాంటిది ఇంతకు ముందు ఎవురూ చూడలేదు, పుస్తకాల్లో లేదు అని అందరూ ఒకే మాట. ఆ లోపల మేము చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కి దిగినాం. సూళగిరి పక్క, కావేరిపట్టణం పక్క, రాయి కనపడితే పిండి తట్టినాం. యాడా లేదు. ఆ ఒక్క సందులో తప్ప.

"ఇన్ని గుట్టలుండాయి గదా మేడమ్. ఒక గుట్టనుంచి ఇంకో గుట్టకు పోవా ఇవి?" అని అడిగినాను.

"కొన్ని సాలెపురుగులు దారం పట్టుకోని గాల్లో ఎగిరిపోతాయన్నా. ఇది పోదు. తడి వదిలి బయటికొస్తే ఒక పూట కూడా బతకదు. దీని తాతముత్తాతలు కూడా ఈ సందులోనే పుట్టి ఈ సందులోనే పోయింటాయి. లోకం మొత్తానికి దీని ఊరు ఇదే."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఆ పురుగు నాది అనిపించింది. దినామూ పొద్దున బీటుకు పోతానే సందులోకి దూరి టార్చి వేసి చూసేవాణ్ణి. నలభై దాకా గూళ్ళుండేవి. గుడ్లు పెట్టిన తల్లులు గూటి పక్కన ఆవగింజంత తెల్లని మూట కాచుకోని కూర్చునేవి. ఇంట్లో నా పెండ్లాం ఊరుకుంటాదా! "ఇంట్లో బూజు దులపమంటే చేతులు రావు, ఆడ పోయి బూజుకు కాపలా కాస్తా ఉండాడు మారాజు" అని వీధిలో అందరికీ చెప్పి నవ్వేది. నవ్వనీ అనుకున్నాను.

ఆ కాలంలోనే మన పక్క గుట్టలకు గిరాకీ పుట్టింది. గుట్ట కనపడితే చాలు, రాయి కోసి పాలిష్ పట్టి ఓడలెక్కించే కాలం. మా గుట్ట రాయి మంచి రంగు రాయి అని ఒక పార్టీ క్వారీకి అర్జీ పెట్టుకోనింది. గుట్ట మా శాఖ హద్దు మీద ఉండాది కాబట్టి మా పెద్దాఫీసరు సరే అంటేనే పని నడుస్తాది, కుదరదంటే ఫైలు ఆడికి ఆగిపోతాది. మేడమ్ ఆయన ఆఫీసుకు నాలుగైదు సార్లు తిరిగింది. కాగితాలు చూపించింది, సీసాలు చూపించింది.

ఆయన చెడ్డోడు కాదు. తమిళంలో నిమ్మళంగా చెప్పినాడంట. "సీసాలో ఉన్న పురుగును యాడ పట్టినారని రేపు ఎవురైనా అడిగితే నేను ఏమి చెప్పేది? ఇప్పుడు, ఆ గుట్టలో, ప్రాణంతో ఉండాదని నా కండ్లకు ఒక్కటి చూపించమ్మా. చూసినానంటే క్వారీ కుదరదని ఆ సాయంత్రమే రాసేస్తాను."

అంత సులభం. ఒక్క పురుగును చూపిస్తే గుట్ట నిలబడతాది. నలభైలో ఒక్కటి.

తారీకు ఖాయమైంది. వారం ముందర మేడమ్ వచ్చి సందు చూసుకోని పోతా పోతా నాతో చెప్పింది. "అన్నా, ఆ దినం దాకా ఎవుర్నీ సందు కాడికి రానియ్యొద్దు. నువ్వు చూసుకుంటావు గదా."

"నా మీద వదిలెయ్యండి మేడమ్," అన్నాను. రొమ్ము విరుచుకోని అన్నాను.

ఇంక మా రేంజరు గురించి చెప్పాల. ఆయనా చెడ్డోడు కాదు, అదే నా కడుపుమంట. లంచం ముట్టడు, తాగడు, టైముకు వస్తాడు. ఆయనకు ఉన్న జబ్బు ఒకటే, శుభ్రం. ఆఫీసు ముందర రాళ్ళకు తెల్లసున్నం, కాళ్ళకు అద్దం మాదిరి బూట్లు, టేబుల్ మీద ఫైలు వంకరగా ఉంటే గుమాస్తా పని అయిపోయినట్టే. నాలుగు దినాల ముందర నన్ను పిలిపించినాడు.

"పెద్దాయన మన రేంజికి వచ్చి మూడేండ్లయింది. ఆ దారి చూసినావా, ముండ్లూ మేకపెంటికలూ! ఆయన ఆ దారిలో నడిచేదా? మనుషుల్ని పెట్టుకో. దారి చెక్కించు, రాళ్ళకు సున్నం కొట్టించు, రెండు పక్కలా బ్లీచింగు వేయించు."

ఈ బ్లీచింగు సంగతి వేరే ఊరోళ్ళకు తెలీదేమో. మన పక్క పెద్దోళ్ళు వస్తారంటే దారికి రెండు పక్కలా బ్లీచింగు పౌడరుతో తెల్లగా గీత గీస్తాం. ఏంటికి గీస్తామో గీసినోడికీ తెలీదు, దాని నడుమ నడిచినోడికీ తెలీదు. గీయకుంటే మాత్రం మర్యాద తప్పినట్టు.

నేను ఎదురు చెప్పినానా? లేదు. నిజం చెప్తా ఉండాను, నాకు సంతోషంగా ఉండింది. నా బీటుకు, నా పురుగును చూడడానికి పెద్దాఫీసరు వస్తా ఉండాడు. ఇంటికి పెద్దమనిషి వస్తే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లమా? ఆ మాదిరే అనుకున్నాను. పల్లెలోంచి ఆరుమంది ఆడోళ్ళను పిలుచుకోని వచ్చినాను. మూడు దినాలు నేనే ముందర నిలబడి దారి చెక్కించినాను, రాళ్ళకు సున్నం కొట్టించినాను.

ఆ ఆరుమందిలో మేకలు మేపుకునే ముసలామె ఒకామె. నా చిన్నప్పటినుంచి ఆ గుట్ట మీదనే తిరిగిన మనిషి. సున్నం బకెట్ దించి నడుం మీద చెయ్యి పెట్టుకోని అడిగింది.

"ఏమప్పా గార్డప్పా, గుట్టకేమన్నా పెండ్లి చేస్తా ఉండారా?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. మూడు బండల కాడికి మాత్రం ఎవురూ పోవద్దని గట్టిగా చెప్పినాను. ఏంటికని ఆమె అడిగితే, "పోవద్దంటే పోవద్దంతే" అని కసిరినాను. రాగిగింజంత పురుగు కోసరమని ఆ ఆడోళ్ళ ముందర చెప్పుకోవడానికి నాకు నామోషీ. రేంజరుకు కూడా విడమర్చి చెప్పలేదు. పురుగును చూడడానికే పెద్దాయన వస్తా ఉండాడని ఆయనకు తెలుసు. కానీ ఆ పురుగు ఆ బూజులో, ఆ కుళ్ళాకుల్లోనే బతుకుతాదని ఆయనకు తెలీదు. తెలిసినోణ్ణి నేను. నా నోటిలో ఏముండింది, కొరివికట్టెనా?

ముందటి దినం సాయంత్రం ఒక్కణ్ణే సందులోకి దూరి చూసినాను. ఉండాయి. రాగిపిండి తట్టి ముప్పై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేసినాను. రేపు ఇదయ్యే పనే అనుకోని నిమ్మళంగా ఇంటికి పోయినాను.

మర్నాడు పొద్దున ఏడుకంతా రేంజరు వచ్చేసినాడు. పెద్దాయన పదికి వస్తాడు, మేడమ్ ఆయన జీపులోనే హోసూరు నుంచి వస్తాది. రేంజరు తెల్లగీతల నడుమ నడుస్తా, "బాగుందప్పా, బాగుంది" అని నా భుజం తట్టినాడు. నాకు ఒళ్ళంతా పొంగింది. మూడు బండల కాడికి వచ్చినాడు. వంగి లోపలికి చూసినాడు. మొగం మారిపోయింది.

"ఇదేంది? ఇదేనా చోటు?"

"ఇదే సార్."

"ఆయన చూడడానికి వచ్చే చోటే పెంటదిబ్బ మాదిరి వదిలినావా? దారంతా అంత అందంగా చేసి? ఆ ఆకులు చూడు, ఆ బూజు చూడు. తేలు ఉంటాది, జెర్రి ఉంటాది. ఆయన వంగి చెయ్యి పెడితే, కరిస్తే? ఎవురు జవాబు చెప్పేది? ఊడ్చు. చీమలమందు చల్లు. మిగిలిన బ్లీచింగు వేసెయ్యి. బిరీన!"

"సార్, పురుగు ఆడనే..." అన్నాను.

"పురుగు బండలో కదప్పా ఉంటాది. నేను బండను పగలగొట్టమన్నానా? చెత్త తియ్యమన్నాను."

ఆ పొద్దున ఆ గుట్ట మీద "వద్దు సార్" అనే రెండు మాటలు చాలుండేవి. కాళ్ళు పట్టుకోవచ్చు. పనిముట్లు విసిరికొట్టి పల్లెలోకి పరిగెత్తిపోవచ్చు. పది గంటల దాకా సందులో అడ్డంగా పండుకోవచ్చు. ఏ ఒక్కటీ నాకు తోచలేదు. ఇరవై ఏండ్లుగా ఏమి చెప్పినా నా నోరు ఒక మాటకు అలవాటు పడిపోయింది. అదే వచ్చింది.

"సరి సార్."

ఆడోళ్ళ చేత చేయించలేదు. నేనే చేసినాను, చేతులారా. చీపురు పట్టుకోని పక్కకు తిరిగి సందులోకి దూరినాను. గూళ్ళు చీపురుకు చుట్టుకుంటా ఉంటే, లోతు సందుల్లో ఉన్నవి ఉంటాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆకులన్నీ గంపకెత్తినాను. చీమలమందు చల్లినాను. సంచెడు బ్లీచింగు బండ మొదటినుంచి కొస దాకా పోసినాను. తడి మీద పడేసరికి అది ఘాటుగా లేచింది. కండ్లల్లో నీళ్ళు కారినాయి, దగ్గుతా బయటికొచ్చినాను. నన్నే అట్ల దగ్గించిన మందు రాగిగింజంత దానికి ఎంత అవుతాది? చదువు రానోడికి కూడా అర్థమయ్యే లెక్క ఇది. రేంజరు లోపలికి తొంగి చూసి తల ఊపినాడు. "ఇప్పుడు చూడు, ఎట్ల కళగా ఉండాదో."

పదికి జీపు వచ్చింది. గుట్ట కింద దిగుతానే మేడమ్ తెల్లగీతలు చూసింది. పెద్దాయన ఇంకా బూటు లేసు కట్టుకుంటా ఉండాడు, ఆమె ఆగలేదు. గబగబా ఎక్కొచ్చింది. నా మొగం చూడలేదు, నేరుగా సందు కాడికి పోయింది. ఆడ ఆగిపోయింది. వాసన తగిలినట్టుంది. చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని మోకాళ్ళ మీద కూర్చోని లోపలికి పాకింది. పిండిమూట తట్టే చప్పుడు నాకు వినపడతా ఉండింది. తట్టింది. ఇంకో చోట తట్టింది. పిండి అంతా నేలకే దిగిపోయింది, తెల్లదాని మీద తెల్లగా.

పెద్దాయన వచ్చినాడు. గీతల నడుమ నడిచొచ్చి, చుట్టూ చూసి, "వెరీ గుడ్. ఇంత నీట్‌గా ఏ బీటునూ చూడలేదు" అని రేంజరుకు చెప్పినాడు. రేంజరు నా పక్క చూసి నవ్వినాడు. ఆ మెప్పు నేను చచ్చేదాకా మరవను. చెప్పుతో కొట్టింటే అయినా మరిచిపోదును.

పాపం ఆయన తొందర పడలేదు. భూతద్దం తీసుకోని తను కూడా వంగినాడు, టార్చి వేయించుకున్నాడు. అరగంట చూసినాడు. చచ్చిన పురుగైనా దొరికితే చాలునని మేడమ్ వేళ్ళతో ఆ పౌడరును కెలికింది. రాగిగింజంత దాన్ని ఆ తెల్ల గుట్టలో యాడ పట్టేది! ఊడ్చిందంతా గంపతో లోయలోకి విసిరేయించినాడు రేంజరు. ఆమె వేళ్ళు ఎర్రగా కందిపోయినాయి.

"ఈడ ఏమి చల్లినారు?" అని లేచి రేంజరును అడిగింది.

"ఏమీ లేదు మేడమ్. మామూలు క్లీనింగ్. సార్ వస్తా ఉండారని."

"సార్, నిన్నటిదాకా ఉండాయి," అని పెద్దాయనకు చెప్పింది. "వీళ్ళు చంపేసినారు."

పెద్దాయన రేంజరు పక్క చూసినాడు. రేంజరు తెల్లమొగం వేసినాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. అప్పుడు మేడమ్ నా పక్కకు తిరిగింది.

"అన్నా, నువ్వు దినామూ చూస్తావు గదా. నిన్న చూసింటావు. ఉండెనా లేదా? ఈ పొద్దున ఏమి చేసినారో సారుకు చెప్పన్నా."

"చెప్పప్పా," అన్నాడు పెద్దాయన. గట్టిగా కూడా అనలేదు. నిజం చెప్పినా ఆయన నన్ను కొరికి తినడు. మహా అయితే ఒక మెమో, ఒక బదిలీ. రేంజరు నన్ను బెదిరించను కూడా లేదు. ఆయన తన బూట్ల మీద పడ్డ బ్లీచింగు దుమ్ము చూసుకుంటా ఉండాడు. చెప్పాల్సింది ఎంత? నిన్న ముప్పై లెక్కపెట్టినాను సార్, ఈ పొద్దున నా చేత్తోనే చంపినాను సార్. అంతే గదా.

నేను చెప్పింది ఇది.

"నిన్న... సరిగా చూడలేదు సార్. చీకటి పడిపోయింది."

మేడమ్ పిండిమూట సంచిలో పెట్టుకోనింది, జిప్పు వేసుకోనింది. పెద్దాయన, "ఒక్కటైనా కనపడకుంటే నేను ఏమని రాసేదమ్మా" అన్నాడు, నొచ్చుకుంటానే అన్నాడు. తరవాత అందరికీ ఎళనీర్లు కొట్టిచ్చినారు. ఆమె తాగలేదు. నేను తాగినాను. ఆ టెంకాయ నీళ్ళు నా గొంతులో ఎట్ల దిగినాయో ఆ దేవుడికే తెలియాల.

తనిఖీలో ఏమీ కనపడలేదని ఆయన రాసినాడు. రాసింది అబద్ధం కాదు గదా. ఏడాది తిరక్కుండా గుట్టకు మిషన్లు వచ్చినాయి. మూడు బండల్లో ఒకదాన్ని కోసి లారీ మీద తాళ్ళతో కట్టి తీసుకుపోతా ఉంటే హైవేలో నా సైకిలుకు అది అడ్డం వచ్చింది. సైకిలు దిగి నిలబడినాను. పక్కకు తిరిగి దూరేవాణ్ణి గదా, నా వీపు రాసుకోని నున్నబడిన ఆ పక్క రాయి నాకు కనపడతానే ఉండింది.

ఈ కత విన్నోళ్ళు అందరూ అడిగేది ఒకటే. "రేంజరుకు క్వారీ పార్టీ ఎంత ఇచ్చింటాది?" ఏమీ ఇవ్వలేదప్పా! ఇచ్చింటే నాకు ఇంత మంట ఉండేది కాదు. డబ్బు తిని చేసినోణ్ణి తిట్టుకుంటే కొంచెం చల్లగా ఉంటాది. క్వారీ వాళ్ళు ఒక టీ కూడా పోయించలేదు. వాళ్ళకు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మేమే చేసి పెట్టినాం, సున్నం కొట్టి, గీతలు గీసి, మర్యాదగా. కొత్తగా చేరినోళ్ళు దీన్ని బాగా వినండి. ఈ ఉద్యోగంలో మీరు దొంగలకు భయపడాల్సిన పని లేదు. మీకు మెడల్ ఇప్పించే పని చేస్తా ఉన్నప్పుడు భయపడండి. పై అధికారి భుజం తట్టినప్పుడు ఒక్కసారి కాళ్ళ కింద ఏముండాదో చూసుకోండి. చూసినాక నోరు తెరవండి. తెరవకుంటే నా మాదిరి పెన్షన్ తీసుకుంటా అరుగు మీద కూర్చోని పండ్లు కొరుక్కుంటారు.

తరవాత రెండు మూడేండ్లకు, కావేరిపట్టణం పక్క నాకు బీటు మారినాక, కృష్ణగిరి బస్టాండులో మేడమ్ కనపడింది. నేనే తప్పించుకోని పోదామని చూసినాను. ఆమె చూసేసి, "అన్నా, బాగుండావా?" అనింది. ఎప్పటి మాదిరే అనింది.

నిలబడి, మూడేండ్లుగా కడుపులో ఉన్నదంతా కక్కేసినాను. ముందటి దినం సాయంత్రం ముప్పై లెక్కపెట్టినానని, చీపురు పట్టింది నేనేనని, చీకటి పడిందని చెప్పింది అబద్ధమని. బస్టాండులో జనం చూస్తా ఉన్నా ఆగలేదు.

"తెలుసన్నా," అనింది. "నీ చేతుల మీద, మీసం మీద బ్లీచింగు ఉండింది ఆ పొద్దున."

"మళ్ళ సారుకు ఏంటికి చెప్పలేదు మేడమ్ నువ్వు? నన్ను పట్టియ్యాల్సింది గదా!" అన్నాను. అడిగేది నేను, కోపం కూడా నాకే.

ఆమె హోసూరు బస్సు వస్తా ఉండాదేమోనని చూసింది. యాడైనా దొరికిందా అని అడిగినాను. లేదనింది. సెలవుల్లో ఇప్పటికీ గుట్టలు తిరుగుతానే ఉండాదంట. ఉన్నవి ఆ మూడు సీసాల్లోవే. వాటికి పేరు పెట్టి పుస్తకంలో అచ్చు వేయించినారంట, ఉన్న ఊరు అనే చోట మన గుట్ట పేరే రాసినారంట.

"నేను ఆ దినం నిజం చెప్పింటే గుట్ట నిలిచుండునా మేడమ్?"

"తెలీదన్నా. నిలిచుండకనే పోవచ్చు. వాళ్ళు ఇంకో దారి వెతుక్కునేవాళ్ళు." హోసూరు బస్సు వచ్చి నిలబడింది. ఆమె సంచి భుజానికెత్తుకోనింది. "గుట్ట సంగతి వదిలెయ్యన్నా. ఆ దినం అంతమంది ఉండారు ఆడ. నేను నీ పక్కకు ఏంటికి తిరిగినానో, అది మాత్రం అప్పుడప్పుడు తలుచుకుంటాను."

ఎక్కి కిటికీ పక్కన కూర్చోనింది. కండక్టరు విజిలేసినాడు. ఏదో ఒకటి చెప్పాలని కిటికీ కాడికి పోయినాను. ఆమె చూస్తా ఉండింది, నేను చెప్తానేమోనని. ఆ దినం కూడా నా నోరు పెగల్లేదు.